రూపాయి గుర్తు వేసిన మాత్రమున డాలరు రూపాయి కాదు

(షోలాపురమున మన సంఘ భవనములో ఆదివారమునాడు జరిగిన వర్తకుల, మరమగ్గముల యజమానుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మేము నిలిచినప్పుడెల్ల మన పిల్లల తెలుగు చదువును గూర్చియో, పాఠశాలలను గూర్చియో మాటలాడుట అలవాటు. నేడును అదియే చెప్పుదుమని తాము తలంచియుందురు. కాని నేడు మేము చెప్పదలచినది లెక్కల పట్టికలోని ఒక చిన్న గడిని గూర్చి. ఇదియేమి విషయమని నవ్వవలదు. ఆ గడిలో వేసిన యొక్క గుర్తు మనలో రెండు కుటుంబముల నడుమ మాటలు లేకుండ చేసినది. నాలుగు మరమగ్గములను ఎనిమిది దినములు నిలిపివేసినది. వాటిపై పనిచేయువారికి ఒక వారపు కూలి లేకుండ చేసినది. తప్పు మాది. కాన చెప్పవలసినవారమును మేమే.

గత సంవత్సరము మనలో చిన్న యజమానులు కొందరు కలిసి టర్కీ తువ్వాళ్ళ ఆర్డర్లు తీసికొనిన సంగతి తామెరుగుదురు. ఒక్కొక్కరికి నాలుగైదు మగ్గములే యున్నప్పుడు విదేశపు కొనుగోలుదారు వారిని లెక్కచేయడు. పదిమంది కలిసినచో లెక్కచేయును. అందుచేత మన యువకులు ఎక్సెల్‌లో ఒక మాదిరి పట్టికను తయారుచేసి, అందరికిని ఉమ్మడిగా పంపిరి. ఎవరి ఆర్డరు వారు అందులో వ్రాయవలెను. క్రింద మొత్తము తానై వచ్చును. ఆ మొత్తమునుబట్టి నూలు అరువును పంచుకొనవలెను. ఏర్పాటు మంచిదే.

ఇక జరిగినది వినుడు. ఎవరిని గూర్చియో తెలియకుండుటకై అంకెలను కొంచెము గుండ్రము చేసి చెప్పుచున్నాము. అమెరికా ఆర్డరు నాలుగువేల తువ్వాళ్ళు. ఒక్కొక్కటి 2 డాలర్ల 10 సెంట్లు. వెరసి 8,400 డాలర్లు. జర్మనీ ఆర్డరు మూడువేలు, ఒక్కొక్కటి 1.90 యూరో, వెరసి 5,700 యూరోలు. హైదరాబాదు ఆర్డరు ఐదువేలు. ఒక్కొక్కటి 150 రూపాయలు. వెరసి 7,50,000 రూపాయలు. మన యువకులలో ఒకరికి ఒక వరుసలో డాలరు గుర్తు, ఒక వరుసలో యూరో గుర్తు, ఒక వరుసలో రూపాయి గుర్తు ఉండుట చూచుటకు బాగుగ లేదనిపించినది. అంతయు రూపాయలలో నుండవలెనని తలంచి, ఆ నిలువు వరుసనంతయు ఎన్నుకొని, గుర్తుల జాబితాలో రూపాయిని నొక్కినాడు. ఒక్క నిమిషములో పట్టిక అంతయు రూపాయి గుర్తుతో కళకళలాడినది.

మొత్తము ₹7,64,100 అని వచ్చినది.

ఇది యెట్లు వచ్చినదో చూడుడు. ఎనిమిదివేల నాలుగువందల డాలర్లను ఎనిమిదివేల నాలుగువందల రూపాయలుగను, ఐదువేల ఏడువందల యూరోలను అన్ని రూపాయలుగను కూడినది. డాలరుకు 85, యూరోకు 95 రూపాయలనుకొనినచో, అమెరికా ఆర్డరు 7,14,000. జర్మనీ ఆర్డరు 5,41,500. హైదరాబాదు ఆర్డరు 7,50,000. నిజమైన మొత్తము 20,05,500 రూపాయలు. పట్టిక చూపినది అందులో సగముకన్న తక్కువ.

మొత్తము తప్పినంతటితో పోలేదు. మా ఒప్పందము ప్రకారము ఆరు లక్షల రూపాయల నూలు అరువును ఎవరి ఆర్డరు విలువనుబట్టి వారికి పంచవలెను. న్యాయముగ అమెరికా ఆర్డరు నేయు పెద్దాయనకు 2,13,613 రూపాయల నూలు రావలెను. పట్టిక ఆయనకు పంచినది 6,596 రూపాయల నూలు. జర్మనీ ఆర్డరువారికి 1,62,004 రావలసియుండగా 4,476 చూపినది. మిగిలిన 5,88,928 రూపాయల నూలంతయు హైదరాబాదు ఆర్డరు పొందిన యజమానికే పోయినది. ఆ యజమాని మాకు దగ్గర బంధువు. ఇక అనుమానమునకు కొదువ యేమున్నది?

ఆ కాగితము మా సంతకముతోనే నూలు వర్తకునికి చేరినది. మేము క్రింది మొత్తమును చూచితిమి, సంతకము చేసితిమి. పై వరుసలను చదువలేదు. యంత్రము కూడినది గదా, తప్పెందుకు వచ్చునని తలంచితిమి. జర్మనీ ఆర్డరువారికి ఇంటిలో పాత నూలు నిలువ యుండుటచేత వారు వెంటనే గమనింపలేదు. పెద్దాయనకు మాత్రము నిలువ లేదు. ఆయన అడుగనూ లేదు. అంతకు మూడు నెలలక్రితము మహాసభలో ఆయన మా ప్రతిపాదన నొకదానిని కాదనియుండెను. ఆ కోపము మేమిట్లు తీర్చుకొనుచున్నామని ఆయన తలంచెను. తుదకు మేము ఇంటికి వెళ్ళి అడుగగా ఆయన అనిన మాట మాకింకను చెవులలో నున్నది: "బిడ్డా, నావి నాలుగు సాంచాలే. సంఘానికి నేను నాలుగు పోగులంత మనిషినే అనుకున్న."

ఈ చిక్కును విప్పినది మేము కాదు, మన యువకులును కాదు. ఆయన మనుమరాలు, పండ్రెండవ తరగతి చదువుచున్న పిల్ల. ఆ పట్టికను తన ఫోనులో తెరచి, "తాతా, రెండు రూపాయల పది పైసలకు తువ్వాలు వస్తుందా?" అని అడిగినది. అంతే. ఇందరు పెద్దలకు కనబడనిది ఆ పిల్లకు కనబడినది. ఎందువలన ననగా ఆమె మొత్తమును చూడలేదు, వరుసను చూచినది.

నూలును తిరిగి పంచితిమి. ఆయన సరుకు పండ్రెండు దినములు ఆలస్యముగ పోయినది. కొనుగోలుదారు నూటికి ఐదు చొప్పున తగ్గించుకొనెను. ఆ 420 డాలర్లు మేము భరించితిమి. అది ధర్మము. కాని ధనముతో పూడని గోతిని పూడ్చుటకే ఈ ప్రసంగము.

సోదరులారా, రెండు నాణెముల లెక్క మన ఇండ్లకు క్రొత్తది కాదు. మన తాతముత్తాతలు తెలంగాణమునుండి ఈ షోలాపురమునకు మగ్గముల పనికై వచ్చినపుడు, ఇచట బొంబాయి ప్రెసిడెన్సీ; అచట నిజాము రాజ్యము. ఇచట కూలి కల్దారు రూపాయలలో. స్వగ్రామమున తల్లిదండ్రులు వాడుకొనునది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన తరువాతను కొంతకాలము హాలీ చెలామణిలో నుండి, 1959తో ముగిసినది. ఇంటికి 60 కల్దారు పంపినచో అచట 70 హాలీ అయ్యెడిది. రెండును రూపాయలే, రెంటిని పిలుచు పేరును ఒక్కటియే. అయినను చిట్టా వ్రాయుట తెలిసినవాడు హాలీని, కల్దారును ఒకే వరుసలో కూడెడివాడు కాడు. వేర్వేరుగ వ్రాసి, మారకము కట్టి, పిమ్మట కూడెడివాడు. 1957 ఏప్రిలు 1వ తేదీన నయా పైసలు వచ్చినపుడును అంతే. నాలుగణాలకు ఇరువదియైదు నయా పైసలని సులువుగ చెప్పవచ్చును. కాని ఒక్క అణాకు ఆరుంబావు. అణాను పైసగా వ్రాసినంత మాత్రమున అణా పైస కాదని చిల్లర దుకాణదారునికి తెలియును.

కలము చేతబట్టినవానికి తెలిసిన ఆ సూక్ష్మము, యంత్రము చేతికి వచ్చిన తరువాత మనము మరచితిమి. దానిని మరల గుర్తుచేయుటయే మా పని.

మొదటి మాట. గడిలో నున్న అంకె వేరు. దానికి తొడిగిన చొక్కా వేరు. ఫార్మాటు అనునది చొక్కా. 2.1 అను అంకెకు డాలరు చొక్కా తొడిగినచో $2.10 అని కనబడును. రూపాయి చొక్కా తొడిగినచో ₹2.10 అని కనబడును. లోపలి అంకె మారదు. యంత్రము కూడునది అంకెను; చొక్కాను అది చూడదు. కాన గుర్తు మార్చుట మారకము కట్టుట కాదు. మారకము కట్టుటకు గుణింపవలెను. గుణింపనిదే ఏ నాణెమును మరొక నాణెము కాజాలదు.

రెండవ మాట. గుర్తును చేతితో గడిలో వ్రాయరాదు. మనలో కొందరు "రూ. 1,500" అని తెలుగున వ్రాయుచున్నారు. చదువుటకు చక్కగ నుండును. కాని యంత్రమునకు అది అంకె కాదు, మాట. మొత్తము కట్టునపుడు మాటలను విడిచిపెట్టును, విడిచిపెట్టితినని చెప్పదు. దీనిని కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు. గడిలో ఎడమ కుడి సర్దుబాటు ఏదియు చేయనియెడల అంకెలు కుడివైపునకును, మాటలు ఎడమవైపునకును చేరును. మీ డబ్బు వరుసలో ఏదైన ఎడమవైపు ఒదిగియున్నచో అది కూడికలో చేరలేదని అనుమానింపుడు. గడిలో 1500 అని మాత్రము వ్రాయుడు. గుర్తును ఫార్మాటులో ఎన్నుకొనుడు.

మూడవ మాట. గుర్తును ఎన్నుకొనునపుడు దేశముతో సహా ఎన్నుకొనవలెను. ఎక్సెల్‌లో పైనున్న నాణెపు మీటను ఊరక నొక్కినచో, కొన్ని వేళల ఆ గడి ఏ కంప్యూటరులో తెరచిన ఆ కంప్యూటరు అలవాటు ప్రకారము గుర్తును చూపును. మన కుమారులలో ఒకరు అమెరికాలో నుండి ఇచటి పట్టికను తెరువగా రూపాయలున్న చోట డాలర్లు కనబడినవి. ఐదువేల రూపాయల సొమ్మును ఐదువేల డాలర్లనుకొని అతడు అర్ధరాత్రి ఇంటికి ఫోను చేసెను. ఆ పొరపాటు నవ్వుతో పోయినది. అన్నియు అట్లు పోవు. కాన గడుల ఫార్మాటు తెరచి, జాబితాలో ఇండియా పేరుతో నున్న ₹ గుర్తును ఎన్నుకొనవలెను. అపుడు ఆ గడి ఏ దేశమున తెరచినను ₹ గానే యుండును. గూగుల్ షీట్సు వాడువారు మరొకటి గమనింపవలెను. అందు ఫైలు సెట్టింగులలో దేశమును నిర్ణయించు చోటొకటి కలదు. అది పట్టికకంతటికిని ఒక్కటియే. ఒకరు తమ సౌకర్యమునకై మార్చినచో అందరికిని మారును. ఆ సెట్టింగును ముట్టవలసినవారు ఒక్కరే కావలెను.

నాలుగవ మాట. గుర్తును మాత్రమే నమ్మరాదు. $ గుర్తు అమెరికాకు మాత్రమే చెందినది కాదు. కెనడాకును, ఆస్ట్రేలియాకును, సింగపూరుకును, హాంగ్‌కాంగునకును అదియే. ¥ గుర్తు జపాను యెన్నునకును, చైనా యువానునకును కూడ వాడుదురు. రూపాయి అను పేరు మనకే కాదు. నేపాలమునకును, శ్రీలంకకును, పాకిస్థానమునకును, మారిషసునకును కలదు. మన ₹ గుర్తు 2010 జూలైలో ప్రభుత్వము ఆమోదించినది. దానిని రూపొందించినవారు డి. ఉదయ కుమార్ గారు. అది వచ్చిన తరువాత మన రూపాయికి తన ముఖము తనకు వచ్చినది. అయినను వ్యాపారమునకు గుర్తుకంటె గట్టి ఆధారము మూడక్షరముల సంకేతము. ఐ.ఎస్.ఓ. 4217 అను ప్రమాణము ప్రకారము ప్రతి నాణెమునకు మూడు ఇంగ్లీషు అక్షరముల పేరొకటి కలదు. భారత రూపాయికి ఐ.ఎన్.ఆర్.; అమెరికా డాలరునకు యు.ఎస్.డి.; యూరోకు ఇ.యు.ఆర్.; దుబాయి దిర్హమునకు ఏ.ఇ.డి.; కువైటు దీనారునకు కె.డబ్ల్యు.డి. బ్యాంకులు వాడునదియు ఇదియే. దీనిని మన పట్టికలో వేరు వరుసగ వ్రాయవలెను.

ఐదవ మాట. చుక్కయు కామాయు దేశదేశమునకు మారును. మనము ఒక వేయి తొమ్మిదివందలను 1,900 అని వ్రాయుదుము. జర్మనీవారు 1.900 అని వ్రాయుదురు. మన చుక్క వారికి కామా. మన కామా వారికి చుక్క. వారి ఉత్తరములోని 1.900 అను అంకెను తెచ్చి మన పట్టికలో అంటించినచో, మన యంత్రము దానిని ఒకటి పాయింటు తొమ్మిదిగ గ్రహించును. వేయిరెట్లు తేడా. వారు 1.900,50 అని వ్రాసినచో అది మన యంత్రమునకు అంకెగానే తోచక, మాటగ మిగులును. కాన విదేశపు అంకెలను అంటింపక, చదివి, చేతితో కొట్టుట మేలు.

లక్షల సంగతియు నిట్టిదే. మనము 1,00,000 అని వ్రాయుదుము. వారు 100,000 అని వ్రాయుదురు. మన కంప్యూటరులో ప్రాంతము ఇండియా అని యుంచినచో లక్షలు, కోట్లు సరిగనే విడివడును; ఆ పట్టికయే విదేశములో తెరచినచో వారి పద్ధతికి మారును. ఎచట తెరచినను లక్షలుగనే యుండవలెననుకొనువారు, గడుల ఫార్మాటులో కస్టమ్ అను చోట ఈ క్రింది వరుసను వ్రాయవలెను:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

మొదటి ముక్క కోటికి, అంతకు మించినవానికి, రెండవది లక్షకు, అంతకు మించినవానికి, మూడవది తక్కినవానికి. ఒక్క లోపము కలదు. బాకీలుగ వ్రాయు ఋణపు అంకెలు మూడవ ముక్కలో పడుటచేత వానికి ఈ విభజన పనిచేయదు. కాన దీనిని ఆర్డర్ల విలువ వరుసకు మాత్రమే వాడుడు.

ఆరవ మాట. పాయింటు తరువాత ఎన్ని అంకెలు చూపవలెనను విషయము. రూపాయికి, డాలరునకు, యూరోకు రెండు చాలును. జపాను యెన్నునకు ఒక్కటియు అక్కరలేదు. కువైటు దీనారునకు వేయి ఫిల్సులు గనుక మూడు కావలెను. బహ్రెయిను దీనారును, ఒమాను రియాలును అట్టివే. రెండు స్థానములు మాత్రమే చూపుమనినంతనే మూడవ అంకె పోదు, కనబడదు, అంతే. ఒక తువ్వాలు వెల 2.104 డాలర్లనుకొనుడు. గడి 2.10 అని చూపును. నాలుగువేలతో గుణించినపుడు యంత్రము 8,416 చూపును. కాగితముపై మనము గుణించినచో 8,400 వచ్చును. ఎవరు తప్పని తగవు. ఎవరును తప్పుకాదు, దాగియున్న అంకె పని అది. వెలను రెండు స్థానములకే నిర్ణయింపదలచినచో, రౌండు అను సూత్రముతో నిజముగ కుదింపవలెను గాని, కంటికి మాత్రము కుదింపరాదు.

ఇక మన యువకులు సరిదిద్దిన మాదిరి పట్టికను గూర్చి చెప్పెదము. నాడు తప్పుచేసిన పిల్లవాడే దీనిని తయారుచేసెను. ఆతనిని మేము తప్పించలేదు. కాలు కాలినవాడే నిప్పును జాగ్రత్తగ చూచును.

ఇందు ఏడు నిలువు వరుసలున్నవి. ఒకటి, తేదీ. రెండు, యజమాని పేరు. మూడు, నాణెపు సంకేతము. నాలుగు, ఆ నాణెములో మొత్తము. ఐదు, మారకపు రేటు. ఆరు, ఆ రేటు ఏ దినముది. ఏడు, రూపాయలలో విలువ. నాలుగవ దానిని ఐదవ దానిచే గుణింపగా ఏడవది వచ్చును. భారత రూపాయి ఆర్డరైనచో రేటు 1. క్రింద మొత్తము కట్టునది ఏడవ వరుసకు మాత్రమే. నాలుగవ వరుస క్రింద ఖాళీగ విడిచితిమి. అచట మొత్తము వేయుమని ఎవరేమి కోరినను వేయరాదు. ఆవులను, మేకలను, కోళ్ళను కలిపి "వెరసి నలుబది" అని వ్రాసినచో ఆ నలుబది దేనికి పనికివచ్చును?

మూడవ వరుసలో సంకేతమును ఎవరికి తోచినట్లు వారు వ్రాయరాదు. గడిని నొక్కినచో ఒక జాబితా దిగును, అందులోనిదే ఎన్నుకొనవలెను. ఒకరు డాలరు అని, ఒకరు డాలర్లు అని, మరొకరు గుర్తు మాత్రము వేసినచో యంత్రమునకు అవి మూడు వేర్వేరు నాణెములు. నాలుగవ వరుసలో గుర్తు ఏదియు లేదు, ఉత్త అంకెయే. గుర్తు లేనిచో అందము తగ్గినదని కొందరనిరి. అట్టివారికొరకు ఎక్సెల్‌లో ఒక సదుపాయము కలదు. మూడవ వరుసలోని సంకేతమునుబట్టి నాలుగవ వరుస గుర్తు తానై మారునట్లు షరతుతో కూడిన ఫార్మాటును ఏర్పరుపవచ్చును. అది చేసితిమి. ఇపుడు గుర్తును మార్చదలచినవాడు సంకేతమునే మార్చవలెను. సంకేతము మారిన, రేటును మారవలెను. చొక్కా ఒక్కటియే మారు అవకాశము లేదు.

రేట్లు వేరొక పుటలో నున్నవి. ఐదవ వరుస అచటినుండి తెచ్చుకొనును. సూత్రములున్న గడులకు, రేట్ల పుటకు తాళము వేసితిమి. తాళమనగా అపనమ్మకము కాదు. దుకాణపు గల్లాపెట్టెకు తాళమున్నంత మాత్రమున కొడుకుపై అపనమ్మకమందుమా?

రేటును గూర్చి రెండు మాటలు. డాలరు, యూరో, పౌండు, యెన్నుల సూచక రేట్లను పూర్వము రిజర్వు బ్యాంకే ప్రకటించెడిది. 2018 జూలై నుండి ఎఫ్.బి.ఐ.ఎల్. అను సంస్థ ప్రకటించుచున్నది. పంచుకొనుటకు మనకు ఆ రేటు చాలును. అందరికి ఒకే దినపు రేటు కావలెననుటయే ముఖ్యము. కాని సొమ్ము వచ్చిన దినమున బ్యాంకు మన ఖాతాలో జమ చేయునది తన రేటు ప్రకారము, తన ఖర్చులు పోను. ఈ రెండును ఒక్కటి కావు. కాన ఆర్డరునాటి రేటును, సొమ్ము వచ్చిననాటి రేటును వేర్వేరుగ వ్రాసియుంచవలెను. తేడా లాభమో నష్టమో అపుడు తెలియును. అది ఎవరి చేతివాటమును కాదని అందరికిని కనబడును.

రెండవది, తానై మారు రేటును పాత లెక్కలకు తగిలింపరాదు. గూగుల్ పట్టికలలో దినదినము రేటును తెచ్చు సూత్రమొకటి కలదు. దానిని తగిలించినచో, గత సంవత్సరము ముగిసిన ఆర్డరు విలువ నేడును మారుచుండును. నిన్న సంతకము చేసిన లెక్క నేడు మరొక లెక్క అగును. ముగిసిన చిట్టాలో సిరా ఆరవలెను గదా! కాన రేటును ఆ దినపు అంకెగ వ్రాసి, పక్కన తేదీ వేసి, అంతటితో విడువవలెను.

పట్టిక తలకట్టులను తెలుగులోను, మరాఠీలోను వ్రాయించితిమి. మన పెద్దలు తెలుగున చదువుదురు. మన వద్ద లెక్కలు వ్రాయు గుమాస్తాలలో మరాఠీ సోదరులు కలరు. మన పిల్లలలోను మరాఠీ బడులలో చదివినవారే అనేకులు. లెక్క అందరు చదువగలిగినదైననే అది ఉమ్మడి లెక్క. ఒక్కనికే అర్థమగు లెక్క ఎంత సత్యమైనదైనను, తక్కినవారికి అనుమానమే.

అందుకే ఇకమీదట మూడు నియమములను కార్యవర్గము అంగీకరించినది. మొదటిది, పంపకపు కాగితము నూలు వర్తకునికి పోవుటకు ముందు, ప్రతి యజమానియు తన వరుసను చదివి, సరియని చెప్పవలెను. ఫోనులో చదువలేనివారికి ఇంటికి వెళ్ళి చదివి వినిపింపవలెను. రెండవది, ఏ ఒక్క వరుసనైనను మేము చేతితో కాగితముపై గుణించి చూచిన తరువాతనే సంతకము చేయుదుము. మూడవది, ఎవరికైన తమ వాటా తక్కువగ తోచినచో, ఆ దినముననే అడుగవలెను. అడుగుట అవమానము కాదు. అడుగకపోవుటవలననే ఆ ఎనిమిది దినములు పోయినవి. అడుగుటకు జంకునట్లు చేసినది మా పెద్దరికమే యైనచో, ఆ దోషమును మేము దిద్దుకొందుము.

సోదరులారా, మన పెద్దలు వలస వచ్చిన ఈ ఊరిలో ఒకరి మాటపై ఒకరు నిలబడి బ్రతికిరి. పరభాష నడుమ మనకు బలమేదియన, ఇరుగుపొరుగు నమ్మకమే. పడుగు ఎంత గట్టిదైనను ఒక పోగు తెగినచో గుడ్డపై ఆ చార కనబడుచునే యుండును. నాడు తెగినది నూలు పోగు కాదు. తెగినచోట ముడి వేసితిమి. పెద్దాయన నేడు ఈ సభలో ముందు వరుసలో కూర్చుండుట మాకు ఎంతయో ధైర్యమును కలిగించుచున్నది. ఆయన మనుమరాలు వచ్చే ఆదివారము ఉదయము పది గంటలకు ఇచటనే ఈ పట్టికను అందరికిని నేర్పుటకు అంగీకరించినది. ఫోనున్నవారు ఫోనుతోను, లేనివారు ఒక కాగితము, పెన్సిలుతోను రండు. పెద్దలు చిన్నపిల్ల యొద్ద నేర్చుకొనుటకు సంకోచింపవలదు. ఆమె అడిగిన ప్రశ్న మేము అడిగియుండినచో ఈ ప్రసంగమే అవసరమయ్యెడిది కాదు.